తడికి చిన్నది, పొడికి పెద్దది: ఇంట్లో మాడ్యులర్ చెత్తడబ్బాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి కొర్లగుంటలో ఉంటాం. నేను డిప్లొమా మెకానికల్ చదివి వర్క్‌షాపుల్లో పనిచేసినవాణ్ని, చెత్త మీద ప్రత్యేకమైన ప్రేమేమీ లేదు. మా ఇంటికి ఒక సెట్టు చేసుకున్నాక పక్కింటివాళ్లు, వాళ్ల చెల్లెలు, చిత్తూరులో మా బావమరిది, ఇలా ఒక పద్నాలుగు ఇళ్లకు కొలతలు ఇచ్చాను. ఫోన్ చేసినవాళ్లందరూ అడిగేవి అవే ప్రశ్నలు, నేను చెప్పేవి అవే జవాబులు. గొంతు పోతోంది, అందుకని రాసి పెడుతున్నా.

మాడ్యులర్ అంటే ఏంది? మూడు డబ్బాలు పక్కపక్కన పెడితే సరిపోదా?

సరిపోతే ఇదంతా రాసేవాణ్ని కాదు. ఒక చట్రం ఉంటుంది, అందులో దేనికది విడిగా ఊడి వచ్చే డబ్బాలుంటాయి. ఒకటి పగిలితే అదొక్కటే మార్చుకోవచ్చు, అవసరం పెరిగితే ఇంకోటి తగిలించుకోవచ్చు, అక్కర్లేనప్పుడు తీసి అటక మీద పెట్టుకోవచ్చు. అంతే, పేరు పెద్దది గానీ పని చిన్నది.

మన ఊరికి ఇది ఎందుకు ముఖ్యమంటే, తిరుపతిలో ఇల్లుందంటే చుట్టాలకు కొదవుండదు. నలుగురం ఉండే ఇంట్లో దర్శనం టికెట్లు దొరికిన వారం పదకొండు మంది ఉంటాం. బ్రహ్మోత్సవాలప్పుడు, వేసవి సెలవుల్లో, వైకుంఠ ఏకాదశికి ఇల్లు సత్రమే. మామూలు రోజుల లెక్కతో కొన్న డబ్బా ఆ వారం పొంగిపొర్లుతుంది, ఆ వారం లెక్కతో కొన్న డబ్బా మిగతా నెలంతా సగం ఖాళీగా కంపు కొడుతూ కూర్చుంటుంది. రెండింటికీ పనికొచ్చేది పెరిగి తరిగే సెట్టే.

ఎన్ని రకాలుగా వేరుచేయాలి? మూడా, నాలుగా?

2016లో వచ్చిన ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు ఇంట్లో మూడు రకాలుగా విడదీయమన్నాయి: తడి చెత్త, పొడి చెత్త, ఇంట్లో పుట్టే ప్రమాదకర చెత్త. మన రాష్ట్రంలో 2021 అక్టోబరు 2న మొదలైన క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమంలో ఇంటింటికీ ఆకుపచ్చ, నీలం, ఎరుపు డబ్బాలు ఇచ్చింది ఆ లెక్కనే. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నియమాల్లో నాలుగు: తడి, పొడి, శానిటరీ, ఇంకోటి ప్రత్యేక జాగ్రత్త అవసరమైనవి, అంటే మందులు, బల్బులు, పెయింటు డబ్బాల లాంటివి.

మూడు గదులు కలిపి ఒకే ముక్కగా పోతపోసిన డబ్బా కొన్నవాళ్లు ఇప్పుడు నాలుగోది ఎక్కడ పెట్టాలో తెలియక తల పట్టుకుంటున్నారు. చట్రం ఉన్నవాళ్లు పక్కన ఒక కొక్కెం బిగించి ఊరుకున్నారు. రేపు ఐదు అంటే ఇంకో కొక్కెం.

ఒకే సైజువి మూడు కొన్నాం. తప్పా?

తప్పే. అందరూ చేసే మొదటి తప్పు ఇదే, నేనూ చేశాను. షాపులో మూడు రంగుల్లో మూడు ఒకే కొలత డబ్బాలు వరసగా పెట్టి ఉంటే చూడటానికి బాగుంటాయి, మన కన్ను మోసపోతుంది.

మా ఇంట్లో నెలరోజులు కొక్కెం తక్కెడతో తూచాను, ఇంట్లోవాళ్లు పిచ్చి పట్టిందన్నారు. నలుగురికి తడి చెత్త రోజుకు సుమారు కిలో రెండొందల గ్రాములు. పొడి చెత్త పావుకిలో కూడా లేదు. బరువు చూసి తడికి పెద్ద డబ్బా కావాలనుకుంటాం కదా, కాదు. తడి చెత్త బరువుగా ఉండి అణిగిపోతుంది, మాది రోజుకు రెండున్నర లీటర్ల చోటు తీసుకుంది. పావుకిలో పొడి చెత్తేమో అట్టపెట్టెలు, పాల కవర్లు, బిస్కెట్ ట్రేలు, సీసాలు కలిపి ఐదారు లీటర్లు. పైగా తడి చెత్తను రోజూ ఇచ్చేయాలి, పొడి చెత్త వారం ఆగినా ఏమీ కాదు. ఆ వారం లెక్క కలిపితే పొడికి నలభై లీటర్లు, తడికి పండగ రోజుకు కూడా కలుపుకుని ఎనిమిది నుంచి పది లీటర్లు, ఎర్ర డబ్బాకు రెండు లీటర్లు చాలు. నెలకు గుప్పెడు కూడా రాని మాత్రల అట్టలకు, బ్యాటరీ సెల్లులకు పదిహేను లీటర్ల ఎర్ర డబ్బా ఇంట్లో పెట్టుకుంటే అందులో ఉల్లిపాయలు పోస్తారు. నేను కళ్లారా చూసిన ఇళ్లే మూడున్నాయి.

తడి డబ్బా పది లీటర్లు దాటకూడదనడానికి ఇంకో కారణం ఉంది. పది లీటర్లది నిండితే ఐదారు కిలోలు, అరవై ఏళ్ల మనిషి మెట్లు దిగి బండి దాకా మోయగలదు. ఇరవై లీటర్లది మోయలేక రేపు ఇద్దాంలే అంటారు. ఆ రేపటికి పురుగులొస్తాయి.

కొలత ఏది పట్టుకుని మొదలుపెట్టాలి?

క్రేటు కొలత. ప్లాస్టిక్ క్రేట్లలో 600 × 400 మిల్లీమీటర్లు అనేది బాగా వాడుకలో ఉన్న కొలత. దానిలో సగం 400 × 300, పావు 300 × 200. మీ చట్రాన్ని ఈ గడుల లెక్కన వేసుకుంటే ఏ షాపులో కొన్న డబ్బా అయినా ఏదో ఒక గడిలో కూర్చుంటుంది. పెద్ద గడి పొడికి, పావు గడి తడికి, ఇంకో పావు గడి ఖాళీగా ఉంచండి. ఆ ఖాళీ గడి చుట్టాల కోసం.

ఇంకో మాట, మన దగ్గర మదనపల్లె టమోటా మార్కెట్ పుణ్యమా అని వాడిన క్రేట్లు చవగ్గా దొరుకుతాయి. కానీ అవన్నీ ఒకే కొలతలో ఉండవు, 540 × 360 వి కూడా చాలా ఉంటాయి, కాబట్టి టేపు జేబులో పెట్టుకుని వెళ్లండి. చుట్టూ రంధ్రాలున్న క్రేటు పొడి చెత్తకు భేషుగ్గా ఉంటుంది, గాలి ఆడుతుంది, లోపల ఏం పడిందో బయటికి కనిపిస్తుంది. తడికి మాత్రం వద్దు, ఎందుకో చెప్పనక్కర్లేదు.

డబ్బాకూ చట్రానికీ మధ్య ఎంత సందు వదలాలి?

అటు పది, ఇటు పది మిల్లీమీటర్లు. నేను మొదటిదానికి వర్క్‌షాపు బుద్ధితో మూడే వదిలాను. ఖాళీ డబ్బా వెన్నలా జారింది. చెత్త నిండాక ప్లాస్టిక్ పొట్ట ఉబ్బి బిగుసుకుపోయింది, మా ఆవిడ ఒక కాలు చట్రానికి తన్నిపెట్టి లాగితే డబ్బా వచ్చింది, డబ్బాతో పాటు సాంబారు ముక్కలు కూడా వచ్చాయి. ఆ రోజు సంగతి ఇంతకంటే రాయను.

పిడి పట్టుకోవడానికి పైన నాలుగు వేళ్లు దూరే ఎత్తు కూడా వదలండి. ఎవరూ గుర్తుపెట్టుకోని సంగతి ఇది.

వంటింట్లో ఎక్కడ పెట్టాలి? గట్టు కిందా, బయటా?

తడి డబ్బా కూరగాయలు తరిగే చేతికి అందేంత దూరంలో ఉండాలి, పొడిది నాలుగడుగులు అవతల ఉన్నా ఫరవాలేదు. గట్టు కింద చట్రం పెడితే లోపలికి చీకటి, వంగాలి, తలుపు తెరవాలి. తడి చేత్తో తలుపు ఎవరు తెరుస్తారు? అందుకే తలుపు పెట్టకండి, పరదా కూడా వద్దు.

అయితే చేతికి అందే ఎత్తు అనేది ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఉంటుంది. మా ఆవిడ గట్టు దగ్గర నిలబడి తరుగుతుంది, మా అత్తగారు కింద కత్తిపీట వేసుకుని కూర్చుంటారు. నా మొదటి సెట్టులో తడి డబ్బా నడుమెత్తులో ఉండేది, అత్తగారు తొక్కలన్నీ పేపర్లో వేసి చివర్లో ఆ పేపర్ ఉండచుట్టి దగ్గరున్న పొడి డబ్బాలో వేసేవారు. నేను వారంపాటు విసుక్కున్నాను, తర్వాత అర్థమైంది తప్పు ఆవిడది కాదు, నా ఎత్తుది. ఇప్పుడు తడి డబ్బా కొక్కేనికి వేలాడుతుంది, తీసి నేల మీద పెడితే కదలకుండా నిలబడుతుంది, మూతి వెడల్పుగా పళ్లెంలా ఉంటుంది. ఆవిడ పక్కన పెట్టుకుంటారు, పని అయ్యాక నేను తగిలిస్తాను. ఏ డబ్బా అయినా ఇంట్లో అందరికంటే ఎక్కువగా కూరలు తరిగే మనిషి కూర్చునే చోటు చూసి వేయాలి. ఫోన్‌లో కొలతలు అడిగేవాళ్లను నేను అడిగే మొదటి ప్రశ్న కూడా అదే, మీ ఇంట్లో కూరగాయలు ఎవరు తరుగుతారు, ఎక్కడ కూర్చుని?

ఏ ప్లాస్టిక్ మంచిది? స్టీలు పెట్టొచ్చా?

డబ్బా అడుగున త్రిభుజం లోపల అంకె చూడండి. 2 ఉంటే హెచ్‌డీపీఈ, 5 ఉంటే పాలీప్రొపిలీన్, రెండూ తడికి పనికొస్తాయి. పెరట్లో ఎండకు ఉండేదైతే ఎండకు తట్టుకునే రకమని అడిగి తీసుకోండి, లేకపోతే మన మే నెల ఎండలకు పాలీప్రొపిలీన్ పెళుసుబారి అప్పడంలా విరుగుతుంది. బండి మీద అమ్మే నల్ల బకెట్లు పాత ప్లాస్టిక్ కరిగించి చేసినవి, పొడికి వాడుకోండి, బరువు మోయించకండి.

స్టీలంటారా, బాగుంటుంది, కానీ ఊరగాయ ఉప్పు, చింతపండు పులుపు కలిసిన నీళ్లు 202 రకం స్టీలుకు చుక్కలు చుక్కలుగా తుప్పు పట్టిస్తాయి. 304 నయం, ధర ఎక్కువ. షాపువాడు అయస్కాంతం పెట్టి చూపించి ఇది 304 అంటే నమ్మకండి, 202 కూడా అయస్కాంతానికి అంతగా అతుక్కోదు. ప్లైవుడ్ పెట్టెలు చేయించుకుంటామని ఇద్దరు అడిగారు. వద్దండీ. తడి తగిలి ఉబ్బుతుంది, ఆపైన చెదలు.

డబ్బా లోపల మూలలు గుండ్రంగా ఉండాలి, గీతలూ పక్కటెముకల్లాంటి పట్టీలూ ఉండకూడదు. బ్రష్ చేరని మూల ఒక్కటున్నా కంపు అక్కడే కాపురం పెడుతుంది.

తడి డబ్బా కంపు ఎందుకు కొడుతుంది? మూత గట్టిగా పెట్టినా ఆగట్లేదు.

మూత గట్టిగా పెట్టడమే ఒక కారణం. తిండి వ్యర్థంలో మూడొంతులు నీళ్లే. ఆ నీళ్లు అడుగుకు దిగి, గాలి ఆడక, గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు పనిలో దిగితే వచ్చేదే ఆ కుళ్లిన గుడ్డు వాసన. మూత తీసినప్పుడల్లా గుప్పుమనేది అదే.

అందుకని నీళ్లను చెత్త నుంచి వేరుచేయాలి. పెద్ద డబ్బాలో కూర్చునేలా ఇంకో చిన్న డబ్బా, దాని అడుగున బియ్యపు గింజ దూరేంత రంధ్రాలు, రెండింటి మధ్య రెండంగుళాల ఖాళీ. నీళ్లు కిందికి కారిపోతాయి, చెత్త పైన ఉంటుంది. లోపలి డబ్బా అడుగున ఒక పేపర్ మడిచి వేయండి. మిగిలిన చారు, మజ్జిగ, సాంబారు డబ్బాలో పోయకండి, సింకులో వడగట్టి ముక్కలు మాత్రమే వేయండి. ఈ ఒక్కటి చేస్తే సగం కంపు పోతుంది. అడుగున చేరిన నీళ్లు రోజూ పారబోసి కడగాలి. మొక్కలకు పోయాలనుకుంటే బాగా పలచన చేసి పోయండి, ఉప్పూ నూనే ఎక్కువున్న రోజు అసలు వద్దు.

మూతకు రబ్బరు పట్టీ అక్కర్లేదు. ఈగ దూరకుండా సన్నటి జాలీ అతికించిన రెండు రంధ్రాలు మూతలో పెట్టండి, గాలి ఆడుతుంది.

పురుగులు?

ఈగ గుడ్డు పెట్టిన రోజు లోపే పిల్లపురుగు బయటికొస్తుంది. ఎండాకాలంలో వారం, పది రోజుల్లో అది ఈగై ఎగురుతుంది. రోజూ ఖాళీ చేసి కడిగితే ఆ చక్రం తెగుతుంది, అంతకంటే మందు లేదు. మామిడికాయల కాలంలో మాత్రం నేను పూటకోసారి ఖాళీ చేస్తాను. తోతాపురి తొక్కలూ టెంకలూ ఉన్న డబ్బా సాయంత్రం దాకా ఆగితే ఇల్లంతా సన్నదోమలే.

ప్లాస్టిక్ కవర్ వేయకుండా తడి డబ్బా ఎలా వాడాలి?

ఎప్పటిలాగే, కడిగి వాడాలి. 120 మైక్రాన్ల కంటే పలచని క్యారీబ్యాగులు 2022 డిసెంబరు 31 నుంచి నిషేధం. నిషేధం మాట పక్కనపెట్టినా, కవర్లో కట్టి ఇచ్చిన తడి చెత్తను ఎవరో ఒకరు చేత్తో చింపాలి. ఆ మనిషిని ఒకసారి తలుచుకోండి. పేపర్ వేస్తే అదీ కుళ్లిపోతుంది కాబట్టి గొడవ లేదు.

పొడి డబ్బాకు సంచి ఏది వేయాలి?

బియ్యం బస్తా. చట్రం పై అంచుకు నాలుగు కొక్కేలు పెట్టి బస్తా మూతిని వాటికి తగిలించండి, వేరే డబ్బానే అక్కర్లేదు. గట్టిది, ఉతకొచ్చు, నిండాక మూతి కట్టి భుజాన వేసుకోవచ్చు. ఈ మధ్య అన్నీ 26 కిలోల బస్తాలే కదా. 2022 జూలై 18 నుంచి 25 కిలోల దాకా ప్యాకింగ్ ఉన్న బియ్యానికి 5 శాతం జీఎస్టీ పెట్టాక మిల్లులవాళ్లు ఒక కిలో పెంచి పన్ను తప్పించుకున్నారు. ఆ కిలో మనకు కలిసొచ్చింది, బస్తా కాస్త పొడవైంది.

పొడి డబ్బాలో వేసేవి తడిగా ఉండకూడదు, ఇది మర్చిపోతే అంతా వృథా. పాల కవర్ ఒక్కసారి నీళ్లతో కడిగి ఆరేస్తే చాలు. ఆ కవర్ మూల కత్తిరించేటప్పుడు చిన్న ముక్క ఊడిపోకుండా వేలాడనివ్వండి. గోరంత ముక్కలను ఎవరూ ఏరలేరు, అవి కాలవలోకే పోతాయి. నవంబరు వానలప్పుడు బస్తా వరండాలో ఉంటే లోపలికి తెచ్చుకోండి. తడిసిన అట్టను పాత సామాన్ల కొట్టువాడు తీసుకోడు.

పాత సామాన్ల కొట్టుకు వేసేవి వేరుగా పెట్టాలా?

పెట్టండి. చట్రం పైన ఒక పలక వేసి అట్టలు, పేపర్లు, గాజు సీసాలు దాని మీద ఉంచండి. కొండ మీద ప్లాస్టిక్ నీళ్ల సీసాలు నిషేధించాక వచ్చినవాళ్లందరూ గాజు సీసాలు తెస్తున్నారు, మా ఇంట్లో ఒక అల్మారా నిండా అవే. ప్లాస్టిక్‌లను ఏడు రకాలుగా ఏరుకుంటూ కూర్చోవద్దు. ఇంట్లో ఎక్కువ గడులు పెట్టిన కొద్దీ తప్పులు ఎక్కువవుతాయి. ఐదు గడులు పెట్టుకున్న ఒక మాస్టారు నెలకల్లా రెండింటికి దిగారు.

శానిటరీ ప్యాడ్లు, పిల్లల డైపర్లు ఎక్కడ?

వంటింటి సెట్టులో వద్దు. బాత్రూంలో కాలితో తొక్కితే మూత లేచే చిన్న డబ్బా పెట్టండి. ఒక్కొక్కటీ పేపర్లో చుట్టి, బయటికి ఇచ్చేటప్పుడు పొట్లం మీద ఎర్ర పెన్నుతో ఒక గుర్తు వేయండి, తీసుకునేవాళ్లు విప్పి చూసే అవసరం రాకుండా. పెడల్ డబ్బాలో మొదట పాడయ్యేది లోపలి సన్న కడ్డీ, కొనేముందు పదిసార్లు తొక్కి చూడండి. షాపువాడు చూస్తే చూడనీ.

ఎర్ర డబ్బాలో ఏమేస్తాం?

కాలం దాటిన మందులు, సెల్లులు, పాదరసం ఉండే సీఎఫ్ఎల్ బల్బులూ ట్యూబ్‌లైట్లూ, పురుగుల మందు సీసాలు, పెయింటు డబ్బాలు, షుగర్ ఉన్నవాళ్ల ఇన్సులిన్ సూదులు. సూదులు ఊరికే వేయకండి, మూత బిగించగల గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి నిండాక ఆ సీసాతో సహా ఇవ్వండి. లిథియం బ్యాటరీల రెండు కొనలకూ టేపు అంటించండి, ఉబ్బిన ఫోన్ బ్యాటరీనైతే నొక్కడం, గుచ్చడం చేయకుండా వేరుగా ఉంచండి, చెత్త బండిలో నలిగితే నిప్పంటుకుంటుంది. ఈ డబ్బా పిల్లలకు అందనంత ఎత్తులో, మూత బిగించి ఉండాలి. పాత రెండు లీటర్ల పెయింటు డబ్బా దీనికి సరిగ్గా సరిపోతుంది.

రంగులు వేస్తే చాలు కదా, గుర్తులు ఎందుకు?

రాత్రి పదింటికి లైటు వేయకుండా వంటింట్లోకి వచ్చేవాడికి రంగేం కనిపిస్తుంది? ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని కళ్లున్నవాళ్లు కూడా మన మధ్యే ఉన్నారు. మూతి ఆకారం మార్చండి. తడికి వెడల్పు మూతి, పొడికి పొడుగ్గా చీలిక లాంటి మూతి, ఎర్రదానికి బిగించే మూత. చెయ్యే గుర్తుపడుతుంది. మా మనవరాలికి ఐదేళ్లు, చదవడం ఇంకా సరిగ్గా రాదు, డబ్బాల మీద అరటిపండు తొక్క, పాల కవర్, మాత్రల అట్ట బొమ్మలు తనే గీసింది. ఇప్పుడు తప్పు డబ్బాలో వేస్తే నన్ను అరుస్తోంది.

జీవకోన వైపు కోతులున్నాయి. ఏం చేయాలి?

కొండకు ఆనుకున్న వీధుల్లో ఈ బాధ నిజమే. బయట పెట్టే డబ్బాకు లాగితే వచ్చే మూత పనికిరాదు, బరువు రాయి పెట్టడమూ పనికిరాదు, రాయి కింద పడి పగిలేది మన టైల్సే. మూతకు రెండు వైపులా రెండు గొళ్లేలు, రెండూ ఒకేసారి నొక్కితేనే తెరుచుకునేవి పెట్టండి. మా చుట్టాలింట్లో ఇప్పటిదాకా నిలిచింది అదొక్కటే. డబ్బాను చట్రానికి, చట్రాన్ని గోడకు బిగించడం మర్చిపోవద్దు, మూత తెరవడం చేతకాకపోతే కోతి డబ్బానే దొర్లిస్తుంది. కుక్కలు, పందులు లాగకుండా డబ్బాను నేల నుంచి ఎత్తులో పెట్టండి.

మేం ఎంత వేరుచేసినా బండిలో అన్నీ కలిపేస్తారు కదా?

ఎక్కువమంది అడిగేది ఇదే, నిజానికి ప్రశ్న కాదిది, కోపం. నాకూ జరిగింది. విడదీసి ఇచ్చిన చెత్త నా కళ్లముందే కలిసిపోయింది. అడిగితే చెత్త బండితో వచ్చే అమ్మాయి చెప్పింది, "ఏం చేసేది సార్, ముందర పది ఇండ్లోళ్లు కలిపే ఇచ్చినారు, మీదొక్కటి యాడ పెట్టేది?" జవాబు లేదు నా దగ్గర. ఆ రోజు నుంచి మా వీధిలో ఇంటింటికీ తిరిగాను. సగంమంది నవ్వారు, సగంమంది డబ్బా చూపించమన్నారు. ఇప్పుడు మా వరసలో పదమూడిళ్లలో తొమ్మిది వేరుచేసి ఇస్తున్నాయి, ఆ తొమ్మిది ఇళ్ల తడి చెత్త వేరుగానే ఎక్కుతోంది.

మన ఊరి చెత్తను శుద్ధి చేసేది తూకివాకం దగ్గర. తడి చెత్త నుంచి గ్యాస్ తీయాలన్నా ఎరువు చేయాలన్నా అందులో ప్లాస్టిక్, గాజు ఉండకూడదు. కలిసిపోయినదాన్ని అక్కడ మళ్లీ మనుషులే ఏరాలి. రామాపురం డంపింగ్ యార్డులో ఏళ్ల తరబడి పేరుకున్న చెత్తను తవ్వి జల్లెడ పట్టాల్సి వచ్చిందంటే అది ఇలా కలిసి వచ్చిన చెత్తే.

ఇంట్లోనే ఎరువు చేసుకునే గడి కూడా జోడించొచ్చా?

జోడించొచ్చు, కానీ వంటింటి చట్రానికి కాదు, మేడ మీదో పెరట్లోనో. ఒకదాని మీద ఒకటి నిలబడే మూడు డబ్బాలు తీసుకోండి, మధ్య అడుగులకు రంధ్రాలు వేయండి. పైది నిండాక కిందికి మార్చి, ఖాళీది పైకి తేవాలి. ఒక వంతు తడి చెత్త వేస్తే దాని మీద రెండు వంతులు ఎండుటాకులో, కొబ్బరిపీచు పొట్టో కప్పాలి, ఆకుల్లో కార్బన్, వంటింటి చెత్తలో నత్రజని, రెండూ కుదిరితేనే కంపు లేకుండా కుళ్లుతుంది. పిడికిట్లో పిండితే చుక్క కారకూడదు, అలాగని పొడిపొడిగానూ ఉండకూడదు. పులిసిన మజ్జిగ చల్లితే త్వరగా మొదలవుతుంది. మాకు రెండు నెలలు పట్టింది. పూజ పూలు, తులసి దండలు ఇందులో చక్కగా కలిసిపోతాయి, దారం మాత్రం తీసేయండి. కొబ్బరి చిప్పలు, బోండాలు వేయకండి, వాటికి ఏళ్లు పడుతుంది.

అపార్ట్‌మెంట్‌కు ఇదే పద్ధతా?

ఇంట్లో ఇదే, కింద వేరు. ప్రతి అంతస్తులో పెద్ద డబ్బాలు పెట్టకండి, అవి ఎవరివీ కావు కాబట్టి ఎవరూ కడగరు. కింద చక్రాలున్న 120 లీటర్ల డబ్బాలు పెట్టి, కుళాయి పక్కన, కాలవ ఉన్నచోట నిలపండి. రోజుకు వంద కిలోలు దాటి చెత్త వచ్చే సముదాయాలకు నియమాల్లో వేరే బాధ్యతలున్నాయి, తడి చెత్త సంగతి చాలావరకు వాళ్లే చూసుకోవాలి. ఆ లెక్క అసోసియేషన్ వాళ్లతో ముందే మాట్లాడుకోండి.

ఖర్చెంత?

నాకు చివరి సెట్టుకు రెండువేల మూడొందలైంది. 25 మిల్లీమీటర్ల చదరపు ఇనుప పైపు, 18 గేజ్, వెల్డింగ్ కూలి, రెడ్ ఆక్సైడ్ మీద ఎనామిల్ పెయింటు, రెండు డబ్బాలు, కాళ్లకు రబ్బరు బుడిపెలు, అన్నీ కలిపి. బస్తా ఉచితం. పెయింటు వేయకుండా వాడదామని ఆశపడకండి, తడి నేల మీద ఇనుప కాళ్లు ఒక్క వానాకాలంలో తుప్పుపట్టి టైల్స్ మీద ఎర్రమచ్చలు చేస్తాయి, ఇంటి ఓనరు అడ్వాన్సులో కోస్తాడు. వెల్డింగ్ గొడవ వద్దనుకుంటే పాత షూ ర్యాక్ తీసుకుని మధ్య అరలు పీకేయండి, ముప్పాతిక పని అయిపోయినట్టే.

మీరే చేసి ఇస్తారా?

ఇవ్వను, కొలతలు చెప్తాను. ఫోన్ చేసేముందు మూడు సంగతులు చూసి పెట్టుకోండి: గట్టు ఎత్తు, ఒక వారం తడి చెత్త బరువు, తరిగే మనిషి కూర్చునే చోటు. మూడోది చూడకుండా చేసినవాళ్లు మళ్లీ చేస్తున్నారు. ఆదివారం పొద్దున మాత్రం చేయకండి, ఆ టైములో డబ్బాలు కడిగేది నేనే.